పరాయి ఊళ్లో ఆదివారాలు: పిల్లలతో జర్మనీ వెళ్లే తిరుపతి వాళ్లు ఏం చేయాలి, ఎలా చేయాలి?

మేము డార్ట్‌మండ్‌లో దిగింది ఒక శుక్రవారం రాత్రి. శనివారమంతా నిద్రలోనే పోయింది. ఆదివారం పొద్దున పాలు లేవని సంచి పట్టుకుని, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని బయల్దేరాను. ఒక సూపర్‌మార్కెట్ మూసి ఉంది. రెండోదీ మూసే ఉంది. చెప్పుల షాపు, బట్టల షాపు అన్నీ అంతే, రోడ్డు మీద మనిషి లేడు. అప్పటికి ఎనిమిదేళ్ల మా పెద్దోడు నా చెయ్యి లాగి అడిగాడు: "అమ్మా, ఈరోజు బందా?"

బంద్ కాదు, జర్మనీలో ప్రతి ఆదివారం ఇంతే. తిరుపతిలో ఆదివారానికి ప్లాన్ ఏముంటుంది? పొద్దున టిఫిన్, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం బుద్ధి పుడితే కపిలతీర్థం, లేదంటే ఎవరో ఒకరి ఇల్లు. అక్కడ మాత్రం ముందే అనుకోకపోతే ఇంటిల్లిపాదీ నాలుగు గోడల మధ్య ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ కూర్చోవాల్సిందే. మేము మొదటి రెండు నెలలు చేసింది అదే.

సెలవులకు బైరాగిపట్టెడలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా "అక్కా, మాకు వీసా వచ్చింది, పిల్లలతో ఎలాగక్కా?" అని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఉద్యోగం, జీతం, ట్యాక్సుల సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది పిల్లలతో రోజు ఎలా గడుస్తుంది, ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి అన్నది.

1. పెట్టె సర్దేటప్పుడు

అన్నిటికంటే ముందు పిల్లల టీకాల కార్డు. జర్మనీలో 2020 మార్చి నుంచి కిండర్‌గార్టెన్‌లో గానీ స్కూల్లో గానీ చేర్చుకోవాలంటే తట్టు టీకా వేయించినట్టు రుజువు చూపించాలి. మన ఊళ్లో కార్డు చిరిగిపోయి, డాక్టరు రాత అర్థం కాకుండా ఉంటుంది. బయల్దేరకముందే ఆస్పత్రిలో అడిగి, తేదీలన్నీ ఇంగ్లీషులో శుభ్రంగా రాయించుకోండి.

ఆ తర్వాత కుక్కరు. అద్దె ఇంట్లో ఇండక్షన్ స్టవ్ ఉంటే మామూలు అల్యూమినియం కుక్కరు దాని మీద పనిచేయదు. ఇండక్షన్‌కి పనికొచ్చే స్టీలు కుక్కరు కొనుక్కోండి. మిక్సీకి ఇబ్బంది లేదు, కరెంటు అక్కడా 230 వోల్టులే. ప్లగ్గు మాత్రం పట్టదు, అడాప్టర్ కావాలి. రాగిపిండి, చెనిక్కాయల పొడి తీసుకెళ్లండి. నెయ్యి పెట్టొద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడానికి యూరప్‌లో ఒప్పుకోరు. మా అత్త ప్రేమగా కాచిచ్చిన డబ్బా ఎయిర్‌పోర్టు చెత్తబుట్టలో పడింది.

చలికోట్లు ఇక్కడ కొనకండి. ఇక్కడి స్వెటరు అక్కడి జనవరికి చాలదు.

2. మొదటి రెండు వారాలు: ఇంటి చుట్టూ పావుగంట

ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో అడ్రసు నమోదు చేయించుకోవాలి. దీన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. ఆ పని మీ ఆయన చూసుకుంటారో మీరు చూసుకుంటారో గానీ, ఆ రెండు వారాలూ పిల్లల్ని టూర్లకు తిప్పకండి. ఇంటి నుంచి పావుగంట నడిచి వెళ్లగలిగే దూరంలో ఏమున్నాయో చూపించండి. బస్‌స్టాపు, మందుల షాపు, ఆదివారం పొద్దున కాసేపు తెరిచే బ్రెడ్డు షాపు, పిల్లల ఆటస్థలం. సాయంత్రానికి వాళ్లచేత ఒక కాగితం మీద దారి గీయించండి. మా పాప గీసిన మ్యాపులో మా ఇంటికంటే ఎదురింటి కుక్క పెద్దది. అయినా ఆ కాగితం పట్టుకుని ఆటస్థలానికి దారి తనే చూపించింది.

ఆటస్థలం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ప్రతి పేటలో ఒకటి ఉంటుంది, టికెట్ లేదు. ఇసుక, తాడు నిచ్చెనలు, కొన్నిచోట్ల చేత్తో కొట్టే నీళ్ల పంపు. మొదటిరోజు మా పాప తాడు నిచ్చెన ఎక్కుతుంటే నేను కింద రెండు చేతులూ చాపి నిలబడి "పడతావ్, దిగు, పడతావ్" అని ఒకటే అరుపు. చుట్టూ బెంచీల మీద అమ్మలు కాఫీ తాగుతున్నారు. వాళ్ల పిల్లలు పడ్డారు, లేచారు, మళ్లీ ఎక్కారు. ఎవరూ పరిగెత్తలేదు. నేను బెంచీ మీద కూర్చోవడానికి మూడు వారాలు పట్టింది. పిల్లల్ని వాళ్లంత వదిలేయడం ఇప్పటికీ నాకు పూర్తిగా నచ్చదు. కానీ అరవడం మానేశాక పాప తక్కువ పడింది, ఇది మాత్రం నిజం.

ఇంకోటి, అక్కడ వాన పడితే ఆట ఆగదు. మాచ్‌హోజ అని బురదలో వేసుకునే ప్యాంటు ఉంటుంది, రబ్బరులాంటి గుడ్డ, భుజాలకు పట్టీలు. కిండర్‌గార్టెన్ వాళ్లే అది తెమ్మంటారు, దాంతోపాటు రబ్బరు బూట్లు, లోపల వేసుకోవడానికి వేరే చెప్పులు. వాడినవి అమ్మే సంతల్లో చవగ్గా దొరుకుతాయి. పిల్లలు ఎదిగిపోతారు కాబట్టి కొత్తవి కొనడం దండగ.

3. శనివారమే ఆదివారానికి సర్దుకోండి

పాలు, పెరుగు, కూరగాయలు శనివారం సాయంత్రంలోపే తెచ్చేసుకోండి. మర్చిపోతే పెద్ద రైల్వే స్టేషన్లలోని షాపులు ఆదివారం కూడా ఉంటాయి, రేటు ఎక్కువ.

ఆదివారం చప్పుడు చేయకూడదు. డ్రిల్లింగ్ మిషన్లు, గోడకు మేకులు కొట్టడం లాంటివి అసలు వద్దు. గాజు సీసాలు వేసే పెద్ద డబ్బాల్లో కూడా ఆదివారం వేయకూడదు. మామూలు రోజుల్లోనైనా రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్దం. ఇది తెలియక ఒక ఆదివారం పొద్దున ఐదున్నరకి దోశల పిండి మిక్సీలో వేశాను. మధ్యాహ్నానికి తలుపుకి చీటీ అంటించి ఉంది, చేతిరాత, చాలా మర్యాదగా. కింద ఇంటావిడకి ఒక గిన్నెలో బొబ్బట్లు పట్టుకెళ్లి సారీ చెప్పాను. ఆవిడ నవ్వి తీసుకుంది. మర్నాడు తళతళా తోమి, ఖాళీ గిన్నె తిరిగిచ్చింది. ఫోన్లో చెబితే మా అమ్మ "ఖాళీ గిన్నె ఇచ్చిందా? కోపం పోలేదేమో" అని రెండు రోజులు టెన్షన్ పడింది. కోపమేం లేదు, వాళ్లకు ఆ పట్టింపు లేదంతే.

4. మొదటి షికారు: దగ్గరిది, రైలుది

కారు కొనేదాకా ఆగొద్దు. డాయిచ్‌లాండ్ టికెట్ అని నెలవారీ పాస్ ఉంది. 2023 మేలో 49 యూరోలతో మొదలై, 2025లో 58, 2026 నుంచి 63 యూరోలు అయింది. ఇది ఉంటే దేశమంతా సిటీ బస్సులు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్లు ఎక్కొచ్చు. ఐసీఈ లాంటి దూరప్రయాణపు ఫాస్ట్ రైళ్లు మాత్రం ఎక్కకూడదు. ఇది ప్రతి నెలా దానంతటదే డబ్బు తీసుకునే చందా కాబట్టి, ఇండియా వచ్చే నెలలో వద్దనుకుంటే ముందు నెల 10వ తేదీలోపు రద్దు చేయండి. మేము మర్చిపోయి ఒక ఆగస్టు డబ్బులు ఊరికే కట్టాం. ఆరేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, అది దాటితే వాళ్లకీ కావాలి.

మా మొదటి షికారు వుప్పర్టాల్. అక్కడ రైలు పట్టాల మీద నడవదు, పట్టాల కింద వేలాడుతూ వెళ్తుంది. 1901 నుంచీ నడుస్తోంది, దారి మొత్తం 13 కిలోమీటర్ల పైచిలుకు, అందులో ఎక్కువ భాగం ఒక నది మీదే. తిరుమల ఘాట్ రోడ్డులో కిటికీ సీటు కోసం కొట్టుకునే మా పెద్దోడు ఇది ఎక్కి మొదటి రెండు స్టేషన్లూ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మూడో స్టేషన్ నుంచి దిగనన్నాడు. ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు తిరిగాం. ఇంకేమీ చూడలేదు, చూడాల్సిన అవసరమూ రాలేదు. పిల్లలతో రోజుకి ఒక్క చోటు చాలు. మూడు పెట్టుకుంటే రెండో చోటే ఏడుపు మొదలవుతుంది.

తిండి ఇంటి నుంచే. చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకుపోండి. ప్రాంతీయ రైళ్లలో కూర్చుని తింటే ఎవరూ ఏమనరు, ఘాటు ఇంగువ మాత్రం కాస్త తగ్గించండి. స్టేషన్లో బాత్‌రూమ్‌కి డబ్బులు తీసుకుంటారు, చిల్లర ఉంచుకోండి. రైళ్లు లేటవుతాయి. జర్మనీ అంటే గడియారం అనుకుని వెళ్తే నిరాశే. మారాల్సిన రైలుకి కనీసం ఇరవై నిమిషాలు తేడా ఉండేలా చూసుకోండి.

ప్రతిదాన్నీ వందతో గుణించడం ఎంత తొందరగా మానేస్తే అంత మంచిది. ఐస్‌క్రీమ్ ఒక్క ఉండ రెండు యూరోలు అనగానే మా ఆయన "రెండు వందలా!" అనేవారు. పిల్లలు ఐస్‌క్రీమ్ అడగడమే మానేశారు. దీనికి విరుగుడు సీసాల దగ్గర దొరికింది. అక్కడ చాలా ప్లాస్టిక్ సీసాల మీద 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, ఫాండ్ అంటారు. ఖాళీ సీసా సూపర్‌మార్కెట్లోని మిషన్‌లో పెడితే అది గిర్రున తిప్పి, లోపలికి లాక్కుని, చివరికి చీటీ ఇస్తుంది. ఎనిమిది సీసాలకు రెండు యూరోలు. సీసాల డబ్బు పిల్లలదే అని తేల్చేశాం. ఇప్పుడు ఐస్‌క్రీమ్ లెక్క వాళ్లే చూసుకుంటారు.

5. గుడి కావాలనిపిస్తే

తిరుపతిలో పుట్టినవాళ్లకి గుడి చప్పుడు లేని నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మాకు దగ్గర్లో హామ్ అనే ఊళ్లో కామాక్షి అమ్మవారి గుడి ఉంది. శ్రీలంక తమిళులు కట్టుకున్నారు, 2002లో ప్రతిష్ఠ జరిగింది. ఫ్యాక్టరీల మధ్య నుంచి నడుచుకుంటూ పోతుంటే ఒక్కసారిగా గోపురం కనిపిస్తుంది. వేసవిలో జరిగే రథోత్సవానికి వేలమంది వస్తారు. పూజలన్నీ తమిళం వాళ్ల పద్ధతిలో, అక్కడి మాటలూ తమిళంలోనే. పాత చిత్తూరు జిల్లా వాళ్లం, తమిళానికి భయపడతామా? హైదరాబాద్ నుంచి వచ్చిన స్నేహితులకి ఆ రోజు నేనే దుబాసీని.

6. ఎవరింటికైనా వెళ్లాలంటే

చెప్పకుండా వెళ్లొద్దు. పిల్లలు ఆడుకోవడానికి కూడా టెర్మిన్ కావాలి, అంటే ఫలానా రోజు, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా అని ముందే అనుకోవాలి. మొదట్లో నాకు ఇది చాలా వింతగా, నిజం చెప్పాలంటే కాస్త అవమానంగా అనిపించింది. ఇప్పుడు అలవాటైంది.

పుట్టినరోజు పిలుపు వస్తే కార్డు మీద పేరు ఎవరిదో చూడండి. మా పెద్దోడి క్లాసు పిల్లాడి పార్టీకి మేము నలుగురం తయారై, పట్టుచీరతో సహా వెళ్లాం. పిలిచింది ఒక్క మావాడిని. తలుపు తీసిన తల్లి ముఖం నాకు ఇంకా గుర్తుంది. పాపం లోపలికి రమ్మంది, కాఫీ ఇచ్చింది, కుర్చీలు చాల్లేదు. కార్డు మీద 3 నుంచి 6 అని ఉంటే మూడింటికి దింపి, ఆరింటికి తెచ్చుకోవడమే. ఇంకోటి, ముందురోజే శుభాకాంక్షలు చెప్పకండి, అరిష్టం అనుకుంటారు.

7. చలికాలం, స్కూలు సెలవులు

డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నర లోపే పొద్దుపోతుంది. అప్పుడు లైబ్రరీ, ఈతకొలను. చాలా ఊళ్లలో పిల్లలకు లైబ్రరీ కార్డు ఉచితం. ఈత కోర్సులకు నెలల తరబడి వెయిటింగ్ ఉంటుంది, కాబట్టి దిగగానే పేరు రాయించండి. 25 మీటర్లు ఈది, భుజాల లోతు నీళ్లలోంచి ఒక వస్తువు తీస్తే ఈతదుస్తులకు కుట్టుకునే చిన్న బ్యాడ్జి ఇస్తారు, దాని మీద సముద్రపు గుర్రం బొమ్మ. మా పాప దాన్ని స్కూలు బ్యాగుకు కూడా కుట్టమంది.

నవంబర్ 11న చిన్నపిల్లలు చేతుల్లో కాగితపు లాంతర్లతో పాడుకుంటూ వీధుల్లో నడుస్తారు. దాదాపు మన కార్తీకమాసం రోజులే. ఆ రాత్రి ఇంటికొచ్చి మేమూ కిటికీలో దీపాలు పెట్టుకున్నాం.

సంక్రాంతికి వారం స్కూలు మాన్పించి వచ్చేద్దాం అనుకుంటే కుదరదు. బడికి పోవడం అక్కడ చట్టం, కారణం లేకుండా మాన్పిస్తే జరిమానా. అక్కడ మేముండే రాష్ట్రంలో ఎండాకాలం సెలవులు ఆరు వారాలు, చాలా ఏళ్లు అవి జూలై, ఆగస్టుల్లోనే పడతాయి. అంటే గంగజాతర అయిపోయి ఉంటుంది, ఇక్కడ స్కూళ్లు తెరిచేసి అత్తపిల్లలు, మామపిల్లలు బడికి పోతుంటారు. టికెట్లు బుక్ చేసేటప్పుడు ఇది చూసుకుని, మనవాళ్లకి సెలవు దొరికే ఆదివారాలు ఎక్కువ పడేలా తేదీలు పెట్టుకోండి.

8. అవ్వాతాతలతో ఫోను

తేడా ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర. మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల్లో అక్కడ గడియారం మారుతుంది, ముందురోజే అవ్వకి చెప్పండి. లేదంటే పాపం గంటసేపు ఫోను ముందు కూర్చుంటుంది. "ఎలా ఉన్నారు, తిన్నారా" అయ్యాక పిల్లలకు మాటలుండవు. మేము వాళ్లచేత ఆ వారం షికారు గురించి ఒకే ఒక్క సంగతి చెప్పిస్తాం. అవ్వ మిద్దె మీదికెళ్లి కొండ చూపిస్తుంది.

మొన్న ఆగస్టులో కొండకి వెళ్లాం. తిరుమల మీద ప్లాస్టిక్ సీసాలు లేవు కదా, గాజు సీసాలో నీళ్లు అమ్ముతారు, ఖాళీ సీసా తిరిగిస్తే డిపాజిట్ వెనక్కిస్తారు. కొట్టాయన డబ్బులు చేతిలో పెట్టగానే పెద్దోడు క్యూలో అందరికీ వినపడేలా అరిచాడు: "అవ్వా, ఇక్కడా ఫాండ్ ఉంది!" ఆ పూట రెండు గంటలపాటు చెల్లెల్ని వెంటేసుకుని సీసాలు వెతికాడు.