అనానిమస్ ఎఫ్‌టీపీ ఆర్కైవ్ నుంచి సాఫ్ట్‌వేర్ దించుకోవడం ఎలా?

1990ల మొదటి సగంలో ఉచిత ప్రోగ్రాములు, షేర్‌వేర్ (ముందు వాడిచూసి, నచ్చితే డబ్బు కట్టే ప్రోగ్రాములు) కావాలంటే వెళ్ళాల్సిన చోటు ఎఫ్‌టీపీ ఆర్కైవ్. ఎఫ్‌టీపీ అంటే నెట్ మీద ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఫైళ్ళు పంపే పద్ధతి. సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ నడిపిన డబ్ల్యూయూఆర్కైవ్, డాస్ (విండోస్‌కు ముందు పీసీలను నడిపిన వ్యవస్థ) ప్రోగ్రాములకు పేరుపడ్డ సిమ్‌టెల్, ఫిన్లండ్‌లో వాసా యూనివర్సిటీ వారి గార్బో, అదే దేశపు ఫునెట్, ఇవన్నీ ఎవరైనా లోపలికి వచ్చి ఫైళ్ళు తీసుకెళ్ళడానికి తలుపులు తెరిచిపెట్టిన సర్వర్లు. 1991 సెప్టెంబరులో లినక్స్ మొదటి కూర్పు 0.01 లోకానికి అందింది కూడా ఫునెట్ సర్వర్ మీద నుంచే. దాన్ని పెట్టిన డైరెక్టరీకి లినక్స్ అని పేరు పెట్టింది ఆ సర్వర్ చూసుకునే ఆరి లెమ్‌కె.

పాత కంప్యూటర్‌ను మళ్ళీ నడిపించాలనుకునేవారికి, ఇప్పటికీ ఎఫ్‌టీపీ తెరిచి ఉంచిన సర్వర్లతో పని ఉన్నవారికి ఆనాటి పద్ధతే ఈనాడూ పనికొస్తుంది. కింద కమాండ్లను పలికే తీరులో రాశాం. కీబోర్డు మీద మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

ముందుగా చూసుకోవాల్సినవి

సర్వర్ పేరు, డైరెక్టరీ దారి, ఫైల్ పేరు, ఈ మూడూ కాగితం మీద రాసి పెట్టుకోండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా ఉన్నదున్నట్టు రాసుకోవాలి. ఆర్కైవ్‌లు చాలావరకు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేవి. యూనిక్స్‌కు చిన్న అక్షరాల పబ్ అనే డైరెక్టరీ వేరు, పెద్ద అక్షరంతో మొదలయ్యే పబ్ వేరు.

ఫైల్ పేరు తెలిసి సర్వర్ తెలియకపోతే అప్పట్లో ఆర్చీని అడిగేవారు. 1990లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో అలన్ ఎమ్‌టేజ్, తోటివారూ తయారుచేసిన వెతుకుడు పనిముట్టు అది. అప్పుడప్పుడు ఒక్కో ఆర్కైవ్‌కీ వెళ్ళి అక్కడి ఫైళ్ళ జాబితా తెచ్చి దాచుకునేది. టెల్నెట్‌తో (దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) దాని సర్వర్‌లోకి వెళ్ళి ప్రోగ్ అని కొట్టి, పక్కన పేరులో ఒక ముక్క ఇస్తే చాలు, అది ఏయే సర్వర్లలో ఏ డైరెక్టరీలో ఉందో చెప్పేది. అయితే ఆర్చీ చూసేది పేర్లను మాత్రమే, ఫైల్ లోపల ఏముందో దానికి తెలియదు. అందుకే బొమ్మలు చూపించే ప్రోగ్రామ్ కావాలని అడిగితే లాభం లేదు, ఆ ప్రోగ్రామ్ పేరే తెలిసి ఉండాలి.

తర్వాత సమయం లెక్క వేసుకోండి. 2400 మోడెమ్, అంటే ఫోను లైను మీద సెకనుకు 2400 బిట్లు పంపేది, సెకనుకు సుమారు 240 బైట్లు తెస్తుంది, అంటే ఒక మెగాబైటుకు గంటా పావు. 9600 మోడెమ్‌కు 18 నిమిషాలు, 14,400 మోడెమ్‌కు సుమారు 12 నిమిషాలు. లైను నిలకడగా ఉంటేనే ఈ లెక్క. డిస్క్‌లో కుదించిన ఫైల్‌కూ, విప్పాక వచ్చే ఫైళ్ళకూ ఒకేసారి చోటు ఉండాలి. ఫైల్ కంటే మూడింతలు ఖాళీ ఉంచుకుంటే ఇబ్బంది రాదు.

ఏ వేళకు వెళ్ళాలన్నది కూడా ముఖ్యమే. ఆర్కైవ్ అనేది ఆ యూనివర్సిటీ వాళ్ళు తమ పని కోసం పెట్టుకున్న లైను మీద ఊరందరికీ ఇస్తున్న సదుపాయం. వాళ్ళ పనివేళల్లో రాకపోవడం మర్యాద. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు అంటే, వేసవిలో మనకు సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజామున 3:30 వరకు. కాబట్టి మన పొద్దున, మధ్యాహ్నం అక్కడి సర్వర్లకు సరైన వేళ. అదే ఫైల్ దగ్గరలోని మిర్రర్‌లో (ఆర్కైవ్ ఫైళ్ళ నకళ్ళు ఉంచే మరో సర్వర్) దొరికితే సముద్రాలు దాటనే అక్కర్లేదు.

లోపలికి వెళ్ళడం

ఎఫ్‌టీపీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి సర్వర్ పేరు ఇవ్వండి. 220తో మొదలయ్యే స్వాగతం వస్తుంది. పేరు అడిగితే అనానిమస్ అని కొట్టండి. అప్పుడు 331తో మొదలయ్యే వరస మీ ఈమెయిల్ చిరునామాను పాస్‌వర్డ్‌గా ఇమ్మంటుంది. అది సర్వర్ చూసుకునేవారికి ఎవరు వచ్చారో తెలియడానికే, అంతకు మించి ఏమీ లేదు. ఎఫ్‌టీపీలో ప్రతి అక్షరమూ దాపరికం లేకుండా లైను మీద వెళుతుంది కాబట్టి మీరు వేరే చోట వాడే అసలు పాస్‌వర్డ్‌ను ఇక్కడ ఎప్పుడూ కొట్టకండి. 230 వచ్చిందంటే లోపలికి వచ్చేసినట్టే.

పొడుగాటి స్వాగత సందేశం చూసి తడబడే పాత క్లయింట్లు (మీ కంప్యూటర్‌లో నడిచే ఎఫ్‌టీపీ ప్రోగ్రాములు) కొన్ని ఉన్నాయి. అలాంటప్పుడు పాస్‌వర్డ్ మొదట్లో ఒక అడ్డగీత పెట్టి మళ్ళీ లాగిన్ అవ్వండి. వాషింగ్టన్ యూనివర్సిటీలో తయారై ఎన్నో ఆర్కైవ్‌లు వాడుకున్న ఎఫ్‌టీపీ సర్వర్ ప్రోగ్రామ్ ఆ గుర్తు చూసి సందేశాలు పంపడం ఆపేస్తుంది.

సర్వర్ పంపే అంకెల్లో మొదటిది గుర్తుంచుకుంటే మిగతాది ఇంగ్లీషులో చదవక్కర్లేదు. 1 అంటే పని మొదలైంది, 2 అంటే అయింది, 3 అంటే ఇంకా ఏదో ఇవ్వాలి, 4 అంటే ఇప్పుడు కాదు తర్వాత రండి, 5 అంటే కుదరదు.

డైరెక్టరీల్లో తిరగడం

సీడీ పబ్ అని కొట్టండి, అందరికీ ఇచ్చే ఫైళ్ళు సాధారణంగా అందులోనే ఉంటాయి. డిర్ అంటే జాబితా వస్తుంది. ఒక్కో వరసలో మొదటి గుర్తు చూడండి: డి ఉంటే డైరెక్టరీ, అడ్డగీత ఉంటే ఫైల్, ఎల్ ఉంటే ఇంకోచోటికి చూపించే లింకు. తేదీకి ముందున్న అంకె ఫైల్ సైజు, బైట్లలో. ఆ అంకెను కాగితం మీద రాసుకోండి. వచ్చిన ఫైల్ సరైనదా కాదా అన్నదానికి తర్వాత అదే సాక్ష్యం.

వేల ఫైళ్ళున్న డైరెక్టరీలో డిర్ కొడితే మోడెమ్ మీద నిమిషాల తరబడి వరసలు కారుతూనే ఉంటాయి. దానికి బదులు రీడ్‌మీ, లేదా 00ఇండెక్స్ అని మొదలయ్యే ఫైల్ దించుకుని తీరిగ్గా చదువుకోండి. పేరు పక్కనే ఒక్కో వాక్యంలో ఆ ప్రోగ్రామ్ ఏం చేస్తుందో రాసి ఉంటుంది.

ఇన్‌కమింగ్ అనే డైరెక్టరీ జోలికి వెళ్ళకండి. అది బయటివాళ్ళు పంపినవి పెట్టే చోటు. వాటిని ఇంకా ఎవరూ పరీక్షించి ఉండరు.

బైనరీ: ఎక్కువ ఫైళ్ళు పాడయ్యేది ఇక్కడే

గెట్ కొట్టే ముందు బైనరీ అని కొట్టండి. 200తో మొదలై టైప్ ఐ అయిందని జవాబు వస్తుంది. ఈ ఒక్క మాట మరిచిపోయి గంటల ఫోను బిల్లు నీళ్ళపాలు చేసుకున్నవారు ఎందరో.

కారణం ఇది. ఎఫ్‌టీపీకి రెండు పద్ధతులున్నాయి, ఆస్కీ, బైనరీ. ఆస్కీ పద్ధతి రాతఫైళ్ళ కోసం. యూనిక్స్‌లో వరస చివర ఒకే బైటు ఉంటుంది, దాని విలువ 10. డాస్‌లో రెండు ఉంటాయి, 13, 10. ఆస్కీ పద్ధతిలో యూనిక్స్ సర్వర్ నుంచి డాస్, విండోస్ కంప్యూటర్‌కు ఫైల్ వస్తుంటే 10 కనబడ్డ ప్రతిచోటా ముందొక 13 చేరిపోతుంది. రాతఫైల్‌కు అది కావలసిందే. జిప్ ఫైల్‌లో మాత్రం ఆ 10 వరస చివర కాదు, కుదించిన సమాచారంలో ఒక భాగం. అక్కడ ఒక్క బైటు చొరబడినా దాని తర్వాతున్నదంతా పక్కకు జరిగిపోతుంది.

దీన్ని లెక్కతో పట్టుకోవచ్చు. కుదించిన ఫైల్‌లో 0 నుంచి 255 వరకు అన్ని విలువలూ దాదాపు సమానంగా ఉంటాయి, అంటే 256 బైట్లలో ఒకటి 10 అవుతుంది. 5,12,000 బైట్ల జిప్ ఆస్కీలో వస్తే సుమారు 2,000 బైట్లు ఎక్కువై 5,14,000 దగ్గర తేలుతుంది. వచ్చిన ఫైల్ అసలు సైజు కంటే వెయ్యికి నాలుగు చొప్పున పెద్దదైతే ఇక వేరే కారణం వెతకనవసరం లేదు, బైనరీ మరిచిపోయారు. బాగుచేసే దారి కూడా లేదు. అసలు ఫైల్‌లోనే ఉన్న 13, 10 జంటలేవో, కొత్తగా చేరినవేవో తేల్చలేం. మళ్ళీ దించుకోవడమే.

యూనిక్స్ నుంచి యూనిక్స్‌కు అయితే చాలా క్లయింట్లు అటువైపు ఏ వ్యవస్థ ఉందో చూసి వాటంతటవే బైనరీకి మారతాయి. విండోస్‌తో వచ్చే కమాండ్ లైన్ ఎఫ్‌టీపీ మాత్రం ఆస్కీలోనే మొదలవుతుంది. ఏది వాడినా ఒకసారి బైనరీ కొట్టేస్తే పోయేదేమీ లేదు.

దించుకోవడం

ఎల్‌సీడీ కొట్టి, మీ కంప్యూటర్‌లో ఏ డైరెక్టరీలోకి రావాలో ఆ దారి ఇవ్వండి. హ్యాష్ అని కొడితే కాస్త కాస్త వచ్చినప్పుడల్లా తెర మీద ఒక గుర్తు పడుతుంది. ఫైల్ కదులుతోందో ఆగిందో తెలియడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. ఇక గెట్, ఒక ఖాళీ, ఫైల్ పేరు. 150తో వచ్చే వరసలో బ్రాకెట్ల మధ్య సైజు ఉంటే మీరు రాసుకున్న అంకెతో సరిచూసుకోండి. 226 వస్తే పంపడం పూర్తయింది.

డాస్‌లో ఫైల్ పేరుకు 8 అక్షరాలు, చుక్క తర్వాత 3, అంతే. యూనిక్స్ వైపు పేర్లు పొడుగ్గా, రెండు మూడు చుక్కలతో ఉంటాయి. గెట్‌లో అసలు పేరు తర్వాత ఖాళీ వదిలి మీరు పెట్టుకోదలచిన పొట్టి పేరు కూడా ఇవ్వండి. లేకపోతే క్లయింటు తోచినట్టు కత్తిరిస్తుంది, రెండు ఫైళ్ళకు ఒకే పేరు వచ్చి ఒకటి రెండోదాన్ని చెరిపేసే ప్రమాదం కూడా ఉంది.

చాలా ఫైళ్ళకు ఎమ్‌గెట్. ఒక్కోదానికి అవునా కాదా అని అడగకుండా ముందు ప్రాంప్ట్ కొట్టండి. మధ్యలో లైను తెగితే మళ్ళీ లాగిన్ అయి, బైనరీ కొట్టి, రీగెట్ వాడండి. క్లయింటూ సర్వరూ రెండూ దాన్ని ఒప్పుకుంటే ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. పని అయ్యాక బై.

ఆగిపోతే, తిరగ్గొడితే

530 లేదా 421 వచ్చి బయటికి పంపేస్తే అనానిమస్‌గా వచ్చేవారి పరిమితి నిండిందని అర్థం. వెంటవెంటనే ప్రయత్నించకుండా వేరే మిర్రర్‌కు వెళ్ళండి. 550 అంటే ఆ పేరుతో ఫైల్ లేదు, లేదా చదివే అనుమతి లేదు. ముందు అక్షరాల పెద్దా చిన్నా చూసుకోండి.

ఈ రోజుల్లో అందరినీ తికమకపెట్టేది వేరొకటి. లాగిన్ అవుతుంది, సీడీ పనిచేస్తుంది, డిర్ కొట్టగానే అంతా బిగుసుకుపోతుంది. ఎఫ్‌టీపీ రెండు కనెక్షన్లు వాడుతుంది. మాటలన్నీ 21వ పోర్టు మీద, ఫైళ్ళు, జాబితాలు ఇంకో దాని మీద. పాత పద్ధతిలో ఆ రెండోదాన్ని సర్వరే మీ కంప్యూటర్ వైపు తెరుస్తుంది. ఇంట్లో రౌటర్ వెనక ఉన్న కంప్యూటర్‌ను బయటినుంచి అది చేరుకోలేదు. పాసివ్ పద్ధతిలో రెండూ మీ వైపు నుంచే మొదలవుతాయి, అప్పుడు ఈ చిక్కు ఉండదు. విండోస్ కమాండ్ లైన్ ఎఫ్‌టీపీకి పాసివ్ రాదు. ఫైల్‌జిల్లా, ఎల్‌ఎఫ్‌టీపీ, కర్ల్‌లలో ఏదైనా వాడండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 2021లో ఎఫ్‌టీపీని తీసేశాయి, కాబట్టి బ్రౌజర్‌తో ప్రయత్నించి సర్వర్ పోయిందనుకోకండి.

విప్పే ముందు పరీక్ష

ముందు సైజు. ఒక్క బైటు తేడా ఉన్నా ఆగండి. తర్వాత విప్పకుండానే పరీక్షించండి: జిప్ అయితే పీకేఅన్‌జిప్ లేదా అన్‌జిప్‌కు అడ్డగీత, టి. జీజెడ్ తోక ఉంటే జీజిప్‌కు అదే. పెద్ద జెడ్ తోక ఉంటే అన్‌కంప్రెస్ వాడాలి. టార్ మాత్రం ఫైళ్ళను ఒక మూటగా కట్టినదే, అందులో కుదింపు లేదు. సరిగ్గా వచ్చిన జిప్‌ను కూడా పీకేఅన్‌జిప్ తెరవనంటే దాని కూర్పు చూడండి. 1993లో వచ్చిన 2.04జీ తరం జిప్‌లు 1.10తో తెరుచుకోవు. ఆ తర్వాత వైరస్ పరీక్ష, ఆ తర్వాతే నడపడం.

షెల్ అకౌంట్ నుంచి ఇంటి కంప్యూటర్‌కు

1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. షెల్ అకౌంట్ అంటే మోడెమ్‌తో సంస్థ వారి యూనిక్స్ యంత్రంలోకి లాగిన్ అయి, అక్కడే కమాండ్లు కొట్టే అకౌంట్. అది వాడినవారికి గెట్ తర్వాత ఫైల్ చేరేది ఆ యూనిక్స్ యంత్రానికి, ఇంటికి కాదు. ఇంకో అడుగు మిగిలేది. షెల్‌లో ఎస్‌జెడ్ కొట్టి ఫైల్ పేరిస్తే మోడెమ్ మీద ఫైళ్ళు పంపే జెడ్‌మోడెమ్ పద్ధతి మొదలవుతుంది, టెలిక్స్, ప్రోకామ్ లాంటి టెర్మినల్ ప్రోగ్రాములు దాన్ని గుర్తుపట్టి అందుకుంటాయి. లైను తెగితే ఆగినచోటి నుంచి కొనసాగించగలదు. అలాంటిదే పాత పద్ధతి ఎక్స్‌మోడెమ్ వాడితే చివరి ముక్కను 128 బైట్లకు నింపి పంపుతుంది, కాబట్టి సైజు కొన్ని బైట్లు పెరిగితే అది ఆస్కీ తప్పు కాదు. ఇంటికి చేరాక షెల్‌లోని కాపీ చెరిపేయండి, కోటా నిండితే ఈమెయిల్ కూడా రాదు.

ఫ్లాపీల మీద మోసుకెళ్ళాలంటే 1.44 ఫ్లాపీలో పట్టేది 14,57,664 బైట్లు. షెల్‌లో స్ప్లిట్‌కు అడ్డగీత, బి, 1400కె ఇస్తే ఒక్కో ముక్క 14,33,600 బైట్లు అవుతుంది. డాస్‌లో కాపీ కమాండ్‌తో ముక్కలను కూడిక గుర్తుతో కలిపేటప్పుడు కాపీ పక్కన ఏటవాలు గీత, బి తప్పకుండా పెట్టండి. అది లేకపోతే డాస్ వాటిని రాతఫైళ్ళు అనుకుని, విలువ 26 ఉన్న బైటు కనబడగానే ఆ ముక్క అక్కడితో అయిపోయిందని వదిలేస్తుంది. కలిపిన ఫైల్ సైజును, మొదట కాగితం మీద రాసుకున్న అంకెతో ఇంకొక్కసారి పోల్చి చూడండి.