కంపెనీ ఇంట్రానెట్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

హన్మకొండలో హెడ్డాఫీసు, నర్సంపేట, జనగామ, కరీంనగర్‌లలో బ్రాంచీలు ఉన్న ఒక విత్తనాల కంపెనీ ఇంట్రానెట్ (సిబ్బందికి మాత్రమే తెరుచుకునే లోపలి వెబ్‌సైటు) పెట్టుకుంటోందనుకుందాం.

• సాఫ్ట్‌వేర్ కొనకముందే బ్రాంచీలకు వెళ్లి కూర్చోండి. సిబ్బంది రోజూ హెడ్డాఫీసుకు ఫోన్ చేసి ఏం అడుగుతున్నారో రాసుకోండి: ఇవాళ్టి రేటు, స్టాకు, సెలవు ఫారం. మొదటి పేజీలో అవే ఉండాలి.

• పాత తెలుగు ఫైళ్లు చూసుకోండి. చాలామంది మర్చిపోయేది ఇదే. డీటీపీలో వాడే 'అను' ఫాంట్లలో టైపు చేసినవి యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే అక్షర సంకేతాలు) కావు, సెర్చ్‌లో "పత్తి" అని కొడితే దొరకవు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు కూడా ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్టుగా మార్చడం) చేయకపోతే ఉత్త బొమ్మలే. యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు, అంకెలు మనిషి చేత సరిచూపించండి. మందు మోతాదులో ఒక్క అంకె తప్పినా పంట పోతుంది.

• ప్రతి పేజీకి బాధ్యులెవరో, చివరిసారి ఎప్పుడు సరిచూశారో కనిపించాలి.

• జీతాలు, ఆధార్ కాపీలు సంబంధిత విభాగానికే తెరుచుకోవాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిధిలోకి ఉద్యోగుల వివరాలూ వస్తాయి.

• బయటినుంచి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కు సురక్షితమైన దారి) ద్వారానే రానివ్వండి. రౌటర్‌లో పోర్టు (బయటినుంచి నెట్‌వర్క్‌లోకి వచ్చే ద్వారం) తెరిచి వదలొద్దు.

• బ్యాకప్ కాపీ ఒకటి వేరే ఊళ్లో ఉంచండి. దాన్నుంచి ఫైళ్లు తిరిగి వస్తున్నాయో లేదో ప్రారంభానికి ముందే పరీక్షించండి.