యంగ్ కౌంటీ మార్కర్లు ఒక్క రోజులో చూసి రావడం ఎలా

మా నాన్న రెవెన్యూలో ముప్ఫై ఏళ్ళు సర్వేయరుగా చేశారు. మార్చిలో మా దగ్గరికి వచ్చినప్పుడు డాలస్‌లో చూపించాల్సిన మాల్స్, అక్వేరియం, గుడి పది రోజుల్లో అయిపోయాయి. పదకొండో రోజు కాఫీ తాగుతూ, “ఈ దేశంలో మన తాతల నాటిదంటూ ఏదీ కనబడదేంరా?” అన్నారు. ఆ శనివారమే టెక్సస్‌లోని యంగ్ కౌంటీకి, అక్కడ రోడ్ల పక్కన పాత సంగతులు రాసిపెట్టిన ఫలకాలు (వీటినే మార్కర్లంటారు) చూపించడానికి తీసుకెళ్ళాను. నాకది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ చేసిన తెలివితక్కువ పనులు మీరు చేయకుండా ఉండడానికే ఇది రాస్తున్నాను.

యంగ్ కౌంటీ డాలస్‌కి వాయవ్యంగా ఉంటుంది, కారులో రెండు గంటలు. 1850ల్లో టెక్సస్‌లో తెల్లవాళ్ళ పొలాలు అయిపోయి, కొమాంచీ, కయోవా తెగల ఇండియన్లు (అమెరికా మూలవాసులు) తిరిగే నేల మొదలైన చోటు అది. 1856లో కౌంటీ అయింది. దాడులు, అంతర్యుద్ధం కలిసొచ్చి జనం ఖాళీ చేసిపోతే 1865లో రద్దయింది. 1874లో మళ్ళీ నిలబెట్టారు. ఇది చెప్పగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న: “మధ్యలో తొమ్మిదేళ్ళు రికార్డులెక్కడున్నాయి?” పక్కనున్న జాక్ కౌంటీకి తరలించారు. సర్వేయరు బుర్ర అలాగే పనిచేస్తుంది మరి.

ముందు రాత్రి ఇంట్లో ఒక గంట పని ఉంది, అది మానకండి. టెక్సస్ హిస్టారికల్ కమిషన్ వాళ్ళ సైట్స్ అట్లాస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. కౌంటీ పేరు కొడితే అక్కడున్న మార్కర్లన్నీ వస్తాయి: ఫలకం మీది మాటలు, పెట్టిన ఏడాది, ఎలా వెళ్ళాలో రెండు ముక్కలు. రాష్ట్రం మొత్తం మీద 16 వేలకు పైగా ఉన్నాయి కాబట్టి అన్నీ చూసేద్దామన్న ఆశ పెట్టుకోకండి. ఒక రోజుకి ఆరేడు చాలు. వాటి సమాచారం కాగితం మీద ప్రింట్ తీసుకోండి. కౌంటీ కేంద్రమైన గ్రాహమ్ ఊరు దాటాక ఫోన్ సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మ్యాప్ కూడా ఆఫ్‌లైన్‌లో దింపి పెట్టుకోండి.

ప్రింట్ తీసినవాటిని జరిగిన ఏళ్ళ వరసలో పేర్చుకుని రాత్రే ఒకసారి చదవండి. రోడ్డు మీద మాత్రం అవి ఆ వరసలో రావు. తూర్పు నుంచి వెళ్తే 1871 ముందు వస్తుంది, 1851 సాయంత్రం వస్తుంది. నేను మొదటిసారి చదవకుండా వెళ్ళి, రెండో సగం చూసి మొదటి సగం ఊహించుకునే సినిమా ప్రేక్షకుడిలా తిరిగాను.

ఇక మార్కర్ ఎలా చదవాలి? మాటల కన్నా ముందు దాని ఒంటి తీరు చూడండి. పెద్ద గ్రానైట్ రాయి, దాని మీద కంచు నక్షత్రం, ఆకుల దండ ఉంటే అది చాలామటుకు 1936 నాటిది. టెక్సస్ స్వతంత్ర రిపబ్లిక్ అయి వందేళ్ళు నిండిన సందర్భంగా రాష్ట్రమంతా పెట్టారు. స్తంభం మీద పోత పోసిన అల్యూమినియం ఫలకమైతే ఆ తరవాతిది. దాని అడుగున చిన్న అంకెల్లో ఏడాది ఉంటుంది, అది తప్పకుండా చూడండి. 1936లో రాసిన వాక్యానికీ 2006లో రాసిన వాక్యానికీ చాలా తేడా. పాతవాటిలో తెల్లవాళ్ళు చస్తే ‘ఊచకోత’, ఇండియన్లు చస్తే ‘యుద్ధం’. ఎవరి పేర్లు రాశారు, ఎవరిని ‘ఇండియన్లు’ అని గుంపుగా వదిలేశారు అని కూడా చూడండి. సగం చరిత్ర అక్కడే దొరుకుతుంది.

ఇంకోటి. మార్కర్ నిలబడ్డ చోటే సంగతి జరిగిందనుకోకండి. ‘ఇక్కడికి ఇన్ని మైళ్ళ ఉత్తరాన’ అని లోపల ఎక్కడో ఉంటుంది. అసలు చోటు ఎవరిదో రాంచ్ (పశువులు పెంచే సొంత భూమి) మధ్యలో ఉంటే ఫలకాన్ని జనం ఆగగలిగే రోడ్డు పక్కకి తెచ్చిపెడతారు.

రాంచ్ అంటే గుర్తొచ్చింది. నా రెండో ట్రిప్పులో ఫోన్ చూపించిన చుక్కని నమ్మి ఒక మట్టిరోడ్డులో అర మైలు లోపలికి పోయాను. వెనక నుంచి పికప్ ట్రక్కు వచ్చి అడ్డంగా ఆగింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు, కానీ తిరిగెళ్ళేటప్పుడు కంచె స్తంభం వైపు వేలు చూపించి, “ఆ రంగేంటో తెలుసా?” అన్నాడు. ఊదా రంగు. ఎవరో మిగిలిపోయిన పెయింట్ పూశారనుకున్నాను నేను. టెక్సస్ చట్టంలో స్తంభం మీదో చెట్టు మీదో నిలువుగా గీసిన ఊదా గీత ‘లోపలికి రావద్దు’ అనే బోర్డుతో సమానం. గీత కనీసం 8 అంగుళాల పొడవుండాలి, నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉండాలి. అంటే సరిగ్గా మన కంటికి తగిలే ఎత్తు. చూడలేదంటే కుదరదు. బోర్డు లేదు కదా అని గేటు తీయకండి. రోడ్డు పక్క నుంచి చూడగలిగినవే చూడండి.

రోజు ఎంచుకోవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: మార్చి, ఏప్రిల్, లేదంటే అక్టోబర్ తరవాత. ఎండాకాలం వద్దు. కాళ్ళకి మాత్రం చెప్పులొద్దు, బూట్లే. గడ్డిలో పాములుంటాయి, అంతకన్నా ఎక్కువగా పల్లేరుకాయలుంటాయి. అవును, మన పల్లేరుకాయలే, ఇక్కడ ‘గోట్‌హెడ్’ (మేకతల) అని పిలుస్తారు. రోడ్డుకి రెండు వైపులా కనిపించే మెస్కీట్ చెట్లు చూసి నాన్న అన్న మాట: “ఈ సర్కారు తుమ్మ కోసమా ఇంత దూరం తెచ్చావు?” నిజంగానే రెండూ దగ్గరి చుట్టాలు.

ఉదయం ఫోర్ట్ వర్త్ నుంచి 199 హైవే పట్టుకుని ముందు జాక్స్‌బరో చేరండి. అది జాక్ కౌంటీ, మన లెక్కలోది కాదు. కానీ ఊరికి దక్షిణాన ఉన్న ఫోర్ట్ రిచర్డ్‌సన్ చూడకపోతే తరవాతి కథ సగమే అర్థమవుతుంది. 1867లో కట్టి 1878లో వదిలేసిన కోట అది. రాతి ఆసుపత్రి భవనం ఇప్పటికీ నిలబడి ఉంది. గంట చాలు.

అక్కణ్ణుంచి 380 హైవే మీద పడమరగా గ్రాహమ్ ముప్ఫై మైళ్ళ లోపే. కౌంటీ హద్దు దాటాక నెమ్మదిగా వెళ్ళండి. ‘హిస్టారికల్ మార్కర్’ అన్న చిన్న బోర్డు ముందే వస్తుంది. అది చూసిన వెంటనే వేగం తగ్గించకపోతే 75 మైళ్ళ స్పీడులో ఫలకం దాటిపోతుంది, వెనక్కి తిప్పుకోవడానికి ఎక్కడో దూరం పోవాలి. ఎక్కడన్నా వెడల్పుగా ఉన్న చోట ఒక్క పది నిమిషాలు బండి ఆపి దిగండి. సాల్ట్ క్రీక్ మైదానం ఈ దారికి అటూఇటూ ఉన్న నేలే. చూడ్డానికి ఏమీ ఉండదు. గడ్డి, గాలి, దూరంగా చమురు తోడే పంపు. నేను ఈ రోజంతా వచ్చేది మాత్రం ఇక్కడ నిలబడడానికే.

1871 మే 18న సైన్యానికి ధాన్యం తీసుకెళ్తున్న బళ్ళ మీద ఇక్కడ కయోవాలు పడ్డారు. ఏడుగురు బండివాళ్ళు చనిపోయారు. అంతకు కాస్త ముందే అదే దారిలో అమెరికా సైన్యాధిపతి జనరల్ షెర్మన్ కొద్దిమంది కాపలాతో వెళ్ళాడు. కొండ మీద నుంచి చూసి, మొదటి గుంపుని వదిలేయమని కయోవాల జోస్యుడు మామాంటి చెప్పాడంటారు. షెర్మన్ ఫోర్ట్ రిచర్డ్‌సన్‌లో ఉండగా గాయపడ్డ బండివాడు ఒకడు అక్కడికి చేరి సంగతి చెప్పాడు. సటాంటా, సటాంక్, బిగ్ ట్రీ అనే ముగ్గురు నాయకులను పట్టుకున్నారు. విచారణకి తీసుకెళ్తుంటే సటాంక్ దారిలోనే తప్పించుకోబోయి కాల్పుల్లో పోయాడు. మిగతా ఇద్దరినీ ఆ జూలైలో జాక్స్‌బరోలో మామూలు కోర్టులో, పౌరుల జూరీ ముందు విచారించారు. ఇండియన్ నాయకులను అలా విచారించడం అదే మొదలు. ఉరిశిక్ష పడింది, గవర్నర్ యావజ్జీవంగా మార్చాడు, 1873లో వదిలిపెట్టారు. సటాంటాను మళ్ళీ లోపల వేశారు, 1878లో హంట్స్‌విల్ జైలు కిటికీలోంచి దూకి చనిపోయాడు. బిగ్ ట్రీ 1929 దాకా బతికాడు, చివరికి బాప్టిస్ట్ చర్చిలో డీకన్ అయ్యాడు.

ఇదే మైదానంలో నాలుగు నెలల ముందు, ఆ జనవరిలో, బ్రిట్ జాన్సన్ చనిపోయాడు. ఆయన నల్లజాతి మనిషి, బళ్ళు తోలేవాడు. 1864 అక్టోబర్ 13న ఎల్మ్ క్రీక్ వాగు వెంట ఉన్న ఇళ్ళ మీద కొమాంచీలు, కయోవాలు దాడి చేసినప్పుడు ఊళ్ళో లేడు. తిరిగొచ్చేసరికి కొడుకు చనిపోయి ఉన్నాడు, భార్యనీ ఇద్దరు పిల్లల్నీ ఎత్తుకుపోయారు. వాళ్ళని వెతుక్కుంటూ ఇండియన్ల మధ్యకి వెళ్ళాడు. 1865లో వాళ్ళు తిరిగి ఇంటికొచ్చారు. ఆరేళ్ళ తరవాత మరో ఇద్దరు నల్ల బండివాళ్ళతో వెళ్తుంటే కయోవాలు చుట్టుముట్టారు. చచ్చిన గుర్రాన్నే అడ్డం పెట్టుకుని చివరిదాకా కాల్చాడట. పాతిపెట్టడానికి వచ్చినవాళ్ళు ఆయన చుట్టూ 173 ఖాళీ తూటాలు లెక్కపెట్టారు. నాన్న ఆ అంకె రెండుసార్లు అడిగి మరీ విన్నారు. మనూళ్ళో పశువుల మంద కోసం పోరాడి పడిపోయినవాడికి వీరగల్లు నిలబెట్టేవారు కదా, అది గుర్తుకొచ్చిందన్నారు.

గ్రాహమ్‌లో భోజనం. మేము పులిహోర కట్టుకెళ్ళి కోర్టు పచ్చికలో చెట్టు కింద కూర్చున్నాం. ఊళ్ళో నడిబొడ్డు కూడలి అమెరికాలోకెల్లా పెద్దదని వాళ్ళు చెప్పుకుంటారు. 1884 నాటి పాత కోర్టు పడగొట్టినా దాని రాతి ద్వారం ఒక్కటి పచ్చిక మీద వదిలేశారు, అటూ ఇటూ గోడల్లేకుండా. పిల్లలు అందులోంచి దూరి ఆడుతుంటారు. 1877 ఫిబ్రవరిలో పశువుల దొంగతనాలు ఆపడానికి రాంచర్లు ఒక ఓక్ చెట్టు కింద కూడి సంఘం పెట్టుకున్నది ఈ ఊళ్ళోనే. అది ఇప్పటికీ నడుస్తోంది.

టైముంటే గుర్రాల దొంగతనం కేసులో ఇరుక్కున్న మార్లో సోదరుల సంగతి కూడా చదువుకోండి. 1889 జనవరి 19 రాత్రి నలుగురినీ ఫెడరల్ ఖైదీలుగా, ఇద్దరిద్దరిని కలిపి సంకెళ్ళు వేసి తీసుకెళ్తుంటే డ్రై క్రీక్ దగ్గర మూక దాడి చేసింది. సోదరుల్లో ఇద్దరు చనిపోయారు. బతికిన ఇద్దరూ శవాల కాళ్ళు కోసి సంకెళ్ళు వదిలించుకుని బయటపడ్డారు. దాని మీద కేసు సుప్రీం కోర్టు దాకా పోయి, తన కస్టడీలో ఉన్న ఖైదీని కాపాడే బాధ్యత ప్రభుత్వానిదేనని 1892లో తీర్పు వచ్చింది.

మధ్యాహ్నం మూడింటికల్లా న్యూకాసిల్ దాటి, దక్షిణంగా 3 మైళ్ళు వెళ్తే ఫోర్ట్ బెల్‌నాప్. గోల్కొండ లాంటిదనుకుని వస్తే నిరాశపడతారు. దీనికి అసలు ప్రహరీ గోడే లేదు. 1851లో మొదట కాస్త ఉత్తరాన మొదలుపెట్టారు. అక్కడ నీళ్ళు పడకపోవడంతో 2 మైళ్ళు దక్షిణానికి మార్చారు. 1858 నుంచి 1861 దాకా సెయింట్ లూయిస్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళే బటర్‌ఫీల్డ్ టపా బండి ఇక్కడ ఆగేది. 1867లో సైన్యం వదిలేశాక రాళ్ళు జనం పట్టుకుపోయారు. ఇప్పుడు చూసే కట్టడాల్లో చాలావాటిని 1936లో తిరిగి కట్టారు. మందుగుండు దాచిన చిన్న రాతి గది మాత్రం పాతదే. అందుకని నేరుగా దాని దగ్గరికి వెళ్ళండి. గోడ మీద చెయ్యి పెట్టి, పక్కనున్న కొత్త గోడ మీద కూడా పెట్టి చూడండి. కొత్తదాని అంచులు ఇంకా పదునుగా తగులుతాయి. నాన్న మాత్రం ఆ గది వదిలేసి బావి దగ్గరికి పోయి, “ముందు దీన్ని చూపించాల్సింది” అన్నారు.

ఆఖరున బెల్‌నాప్ శ్మశానం. అక్కడ ప్రభుత్వం తరఫున ఇండియన్ల వ్యవహారాలు చూసిన రాబర్ట్ నైబర్స్ సమాధి ఉంది. బ్రాజోస్ నది ఒడ్డున ప్రభుత్వం ఇచ్చిన నేలలో కాడో, వేకో, టాంకవా లాంటి తెగల వాళ్ళు 1854 నుంచి పంటలు పండించుకుని బతికారు. చుట్టుపక్కల తెల్లవాళ్ళు వాళ్ళని ఉండనివ్వలేదు. 1859 ఆగస్టులో వాళ్ళందరినీ క్షేమంగా ఉత్తరాన ఇండియన్ టెరిటరీకి (ఇప్పటి ఓక్లహోమా) దాటించింది ఈ నైబర్సే. వెనక్కి వచ్చి సెప్టెంబర్ 14న బెల్‌నాప్ ఊరి వీధిలో నిలబడి ఉంటే, ముఖపరిచయం కూడా లేని ఒకడు వెనక నుంచి కాల్చి చంపాడు.

పాత సమాధి రాళ్ళ మీద అక్షరాలు కనపడకపోతే సుద్ద రాయడం, కాగితం పెట్టి రుద్దడం చేయకండి, రాయి పొరలు ఊడొస్తాయి. పక్క నుంచి టార్చి వేస్తే చాలు, లేదా సాయంత్రం ఏటవాలు ఎండలో వెళ్ళండి. మేము వెళ్ళేసరికి ఐదున్నర. ఎండ సరిగ్గా పక్క నుంచి పడి అక్షరాల్లో నీడ నిలిచింది. నాన్న కూడబలుక్కుంటూ ఒక్కో పేరూ పైకి చదివారు. తరవాత గేటు ఎలా ఉందో అలాగే గొళ్ళెం పెట్టి, కారు డోరు తీసి కూర్చుని బూట్లకి అంటుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటే పీకారు. పెందలాడే బయల్దేరండి, చీకటి పడే వేళకి ఆ రోడ్ల మీదకి జింకలొస్తాయి.