ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌లో తెలుగు ఫోన్ ఎత్తేవారికి

ఎదుటివారి మాటకు అడ్డు తగలకుండా పది నిమిషాలు వినగలరా? ఈ పనికి మొదటి పరీక్ష అదే. ఇవాళే ఇంట్లో ఎవరితోనైనా చేసి చూడండి. మూడో నిమిషానికే "అదేం కాదులే, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు" అని నోట్లోంచి వచ్చేస్తుంది. శిక్షణలో సగం ఆ మాట ఆపుకోవడం నేర్చుకోవడమే. ఇంట్లో ఎవరినైనా ఆత్మహత్య వల్ల పోగొట్టుకుని ఉంటే, లేదా మీరే ఆ అంచుదాకా వెళ్ళి వచ్చి ఉంటే, చేరేటప్పుడే చెప్పండి. దానివల్ల పనికిరాకుండా పోరు. కాకపోతే గాయం పచ్చిగా ఉండగా ఫోన్ దగ్గర కూర్చోవడం మీకూ మంచిది కాదు, అవతలివారికీ మంచిది కాదు.

మొదటి పది షిఫ్టులైనా అనుభవమున్నవారి పక్కన కూర్చుని వినండి. తర్వాత మీరు మాట్లాడుతుంటే వారు వింటారు. ఒంటరిగా ఫోన్ ఎత్తడం ఆ తర్వాతే.

ఫోన్ ఎత్తగానే "నమస్తే, చెప్పండి, వింటున్నాను" అని ఊరుకోండి. పేరూ ఊరూ వెంటనే అడిగితే పోలీసు స్టేషన్‌లా ఉంటుంది. అటునుంచి మాట రాకపోతే పెట్టేయకండి. అర నిమిషానికోసారి "పర్వాలేదు, వీలైనప్పుడే చెప్పండి, నేను లైన్లోనే ఉన్నాను" అంటే చాలు.

ఒక పెద్దావిడ "నానేటి సేసేది బాబూ" అని ఏడుస్తుంటే "మీ సమస్యను వివరించండి" అనకండి, బిగుసుకుపోతారు. "అమ్మా, చెప్పమ్మా" అని మొదలుపెట్టండి. ఆ యాస మీది కాకపోతే మాత్రం అరువు తెచ్చుకోకండి, వెక్కిరించినట్టు వినిపిస్తుంది. బడి చదువు ఒడియాలో సాగిన పిల్లలు తెలుగులో మొదలుపెట్టి, అసలు బాధ దగ్గరకు వచ్చేసరికి ఒడియాలోకి వెళ్ళిపోతారు. వెళ్ళనివ్వండి, తెలుగులోకి లాగకండి. మీకు ఒడియా రాకపోతే వచ్చిన వారికి లైన్ అప్పగించే ఏర్పాటు ముందే ఉండాలి. సవర మాట్లాడేవారికీ అంతే. ఇంట్లో పిల్లవాడిని దుబాసీగా మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

అడగాల్సిన మాట

కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. "బతుకు మీద విసుగొచ్చింది", "నేను లేకపోతే వాళ్ళే సుఖపడతారు", "పిల్లల్ని మా అన్నకు అప్పజెప్పాను" లాంటి మాట వినబడగానే గుండె జారుతుంది. అప్పుడు నోటికి వచ్చే ప్రశ్న: "అఘాయిత్యం ఏమీ చేసుకోవు కదా?" ఆ "కదా"లోనే జవాబు ఉంది. మీకు "లేదు" కావాలని అవతలివారికి అర్థమైపోతుంది, "లేదు" అంటారు, ఫోన్ పెట్టేస్తారు. ఇలా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" మెల్లగా అడగండి, అడిగాక ఆగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. చాలామందికి ఆ మాట ఎవరో ఒకరు బయటికి అనడమే ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది.

"అవును" అంటే నాలుగు సంగతులు తెలియాలి. ఎలా అని అనుకున్నారా, అందుకు కావాల్సినది చేతికందే చోట ఉందా, ఎప్పుడని అనుకున్నారా, ఇంతకు ముందు ప్రయత్నించారా. వరసగా గుచ్చి అడక్కండి, మాటల మధ్య అడగండి. ఎలా అన్నదీ ఎప్పుడన్నదీ తేలిపోయి, వస్తువు దగ్గరే ఉంటే ఆ లైన్ వదలకూడదు. చేయెత్తి సూపర్‌వైజర్‌ను పిలవండి.

ఆ వస్తువును దూరం చేయించడమే అన్నిటికన్నా పెద్ద సాయం. ఉద్ధృతి చాలాసార్లు నిమిషాల్లో, గంటల్లో తగ్గుతుంది, ఆ కాసేపు చేతికందకుండా ఉండాలి. పురుగుల మందు ఇంట్లో ఉంటే పెట్టెలో పెట్టి తాళం వేయించి, తాళంచెవి పక్కింటివారికి ఇప్పించండి. దాన్ని తీయడానికి బాధలో ఉన్న మనిషిని పంపకండి, ఇంట్లో మరొకరిని ఫోన్‌కు పిలిపించండి.

"నాకు ఒట్టు వెయ్యి" అనడం మన అలవాటు. ఒట్టు ప్రాణం కాపాడుతుందనడానికి ఆధారం లేదు, పైగా మళ్ళీ ఆలోచన వస్తే మాట తప్పానన్న సిగ్గుతో ఫోన్ చేయరు. ఒట్టు బదులు కాగితం మీద రాయించండి: ముంచుకొస్తున్నప్పుడు ముందుగా కనిపించే గుర్తులు, తనంతట తాను చేయగలిగేది, వెళ్ళి కూర్చోగలిగే చోటు, ఫోన్ చేయగల ఇద్దరు మనుషులు, ఆసుపత్రి, 14416. కేరళలోనో సూరత్‌లోనో పనిచేస్తూ గదిలోంచి ఫోన్ చేసేవారికి ఆ ఇద్దరూ అదే గదివారై ఉండాలి. ఊళ్ళో ఉన్న అన్నయ్య రాత్రి రెండు గంటలకు ఏం చేయగలడు?

14416 ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు, 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, భాష ఎంచుకోవచ్చు. ఇది చదువుతున్న మీకే ఆ ఆలోచన ఉంటే, మిగతాది తర్వాత చదవచ్చు, ముందు ఆ నంబరుకు చేయండి.

అప్పటికే పురుగుల మందు లాంటిదేదైనా తాగేసి ఉంటే

వెంటనే 108 లేదా 112. ఇక్కడ సరిహద్దు చిక్కు ఒకటుంది. పర్లాకిమిడి పక్కనే పాతపట్నం, ఫోన్ ఆంధ్రా టవర్ అందుకుంటే కాల్ ఆ రాష్ట్రానికి వెళ్ళవచ్చు. అందుకని మొదటి మాటగా "ఒడిశా, గజపతి జిల్లా" అని (గుణుపురం వైపైతే "ఒడిశా, రాయగడ జిల్లా" అని) చెప్పించండి, తర్వాత బ్లాకు, ఊరు, గుర్తుపట్టే గుడో బడో. వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్ళు, మజ్జిగ పట్టొద్దు. మగతగా ఉంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. డబ్బా లేదా దాని లేబుల్ ఆసుపత్రికి పట్టుకెళ్ళాలి, వైద్యం దాన్నిబట్టే ఉంటుంది. "ఇప్పుడు బాగానే ఉన్నాడు" అన్నా తీసుకెళ్ళాల్సిందే, కొన్ని పురుగుల మందుల విషం ఆలస్యంగా పనిచేస్తుంది.

కేసు భయంతో ఇంట్లోనే ఉంచేసేవారున్నారు. వారికి సూటిగా చెప్పండి: 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309వ సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని లొంగదీయడానికి చేసే ప్రయత్నం ఒక్కటే 226 కింద నేరం. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) అని రాస్తారు, పోలీసులు వచ్చి అడగవచ్చు. అది నమోదు, శిక్ష కాదు.

"ఎవరికీ చెప్పను" అని ముందే మాటివ్వకండి. ప్రాణం మీదికి వస్తే చెప్పాల్సి వస్తుంది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక దాడి సంగతి బయటపడితే పోక్సో చట్టం ప్రకారం తెలియజేయక తప్పదు. పిల్లల సాయానికి 1098 ఉంది. మీ సొంత నంబరు ఎవరికీ ఇవ్వకండి. మీరు నిద్రపోయిన రాత్రి ఆ మనిషికి ఎవరూ ఉండరు, కేంద్రం నంబరుకైతే ఎవరో ఒకరు పలుకుతారు.

రిజిస్టరులో సమయం, తీవ్రత, మీరు చేసినది, ఎవరికి అప్పగించినదీ రాయండి. ఇంటిపేరు, వీధి లాంటివి వద్దు. చిన్న ఊళ్ళు, రెండు వివరాలతో మనిషిని పట్టేస్తారు. షిఫ్టులో తీవ్రమైన కాల్స్ రెండు వస్తే మూడోది పక్కవారికి ఇవ్వండి. బయల్దేరే ముందు పది నిమిషాలు సూపర్‌వైజర్‌తో కూర్చుని, మనసులో మిగిలిపోయిన కాల్ ఏదో చెప్పి వెళ్ళండి.