బైనాక్యులర్స్ కొనేముందు ఒక్క మాట
అమెరికాలో డీర్ హంటింగ్‌కి కొత్తగా వెళ్తున్నవాళ్ళు నంబర్ పెద్దదైతే మంచిదనుకుని 15×56 (మొదటి నంబర్ ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మి.మీ.లలో) కొనేయకండి, చేత్తో పట్టుకుంటే ఊపిరి తీసుకున్నా బొమ్మ ఊగిపోతుంది, పైగా బరువు. దట్టమైన అడవిలో నడుస్తూ చూడ్డానికి 8×42 చాలు, 42ని 8తో భాగిస్తే 5.25 మి.మీ. వెడల్పు వెలుగు కంటికి వస్తుంది, జింకలు ఎక్కువగా తిరిగేది తెల్లారుజామున, మునిమాపున కదా, అప్పుడే అది అక్కరకొస్తుంది. అరిజోనాలోలాగా ఎదురు కొండంతా గంటల తరబడి వెతకాలంటే మాత్రం 15 కావాలి, అదీ ట్రైపాడ్ మీదే. ఒక్కటే కొంటానంటే 10×42 తీసుకోండి. చాలావాటికి ముందువైపు మధ్యలో చిన్న మూత ఉంటుంది, అది తిప్పి తీసి అడాప్టర్‌తో ట్రైపాడ్‌కి బిగించి చూడండి, అదే 10తో పొదలో చెవి కదిలినా తెలిసిపోతుంది, నేనైతే మొదటిసారి నమ్మలేకపోయా.