హెడ్ గ్యాస్కెట్ కొనే ముందు పిస్టన్ ఎత్తు కొలవండి: డీజిల్ ఇంజిన్‌లో సమస్యలు, పరిష్కారాలు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో స్పేర్ పార్ట్స్ కొట్టుకెళ్ళి, బ్లాక్‌కీ హెడ్‌కీ మధ్య వేసే హెడ్ గ్యాస్కెట్ అడిగితే "ఎన్ని కన్నాలది?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. గ్యాస్కెట్ అంచున ఉండే ఆ కన్నాలు దాని మందానికి గుర్తు. పాత గ్యాస్కెట్ చూపించి "ఇలాంటిదే ఇవ్వండి" అనేస్తాం. పిస్టన్లు, వాటిని క్రాంక్‌కి కలిపే రాడ్లు, బ్లాక్ ఏదీ ముట్టుకోకుండా గ్యాస్కెట్ ఒక్కటే మారుస్తుంటే అలా అడగడం సరైనదే. వాటిలో ఏ ఒక్కటి మారినా పాత కన్నాల లెక్క పనికిరాదు. బోరు పని (సిలిండర్లు, పిస్టన్లు బాగుచేయడం) అయ్యాక మా షెడ్డుకి తిరిగొచ్చిన ఇంజిన్లలో చాలావాటి జబ్బు అక్కడే మొదలైంది.

లెక్క చిన్నదే. చాలా డీజిల్ ఇంజిన్లలో పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు బ్లాక్ ముఖం, అంటే హెడ్ కూర్చునే పైభాగం, దాటి కాస్త పైకి వస్తుంది. దాన్నే ప్రొజెక్షన్ అంటాం. బోల్టులు బిగించాక గ్యాస్కెట్ ఎంత మందం ఉంటుందో అందులోంచి ప్రొజెక్షన్ తీసేస్తే, పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య మిగిలే సందు తెలుస్తుంది. ఉదాహరణకు పాత స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బళ్ళలోని 1.9 టీడీఐ డీజిల్ ఇంజిన్ తీసుకోండి. ప్రొజెక్షన్ 0.91 నుంచి 1.00 మిల్లీమీటర్ వరకు ఉంటే ఒక కన్నం గ్యాస్కెట్, మందం 1.45. 1.01 నుంచి 1.10 అయితే రెండు కన్నాలది, 1.53. 1.11 నుంచి 1.20 అయితే మూడు కన్నాలది, 1.61. ఏది వేసినా చివరికి మిగిలే సందు అర మిల్లీమీటర్ దరిదాపుల్లోనే. మీ బండి అంకెలు వేరుగా ఉంటాయి, కంపెనీ మాన్యువల్ చూసుకోండి.

సమస్య: బోరు పని అయ్యాక స్టార్ట్ చేయగానే టక్ టక్ మంటోంది

కాశీనగర్ వైపు నుంచి ఒక పికప్ ఇలాగే వచ్చింది. నాజిల్ శబ్దమనుకుని అప్పటికే రెండు చోట్ల నాజిళ్ళు విప్పించారు. హెడ్ దింపి చూస్తే, మసి పట్టిన పిస్టన్ నెత్తిన అంచు దగ్గర నెలవంకలా ఒక మెరుపు గీత, సరిగ్గా దాని ఎదురుగా హెడ్ మీద ఇంకోటి. వేలితో తడిమితే అక్కడ నున్నగా తగిలింది. పిస్టన్ వెళ్ళి హెడ్‌ని ముద్దాడుతోంది.

కారణం: లేత్‌లో బ్లాక్‌కి ఫేసింగ్ కొట్టారు, అంటే ముఖం చదునయ్యేలా పైపొర కోసేశారు. బ్లాక్ ఎంత అరిగితే పిస్టన్ అంత పైకొచ్చినట్టే. గ్యాస్కెట్ మాత్రం పాత మందానిదే వేశారు.

పరిష్కారం: మళ్ళీ కొలిచి, ఆ కొలతకు సరిపడే మందం గ్యాస్కెట్ వేయడం. అన్నిటికంటే మందమైనది కూడా చాలకపోతే బ్లాక్‌ని ఎక్కువ కోసేశారని అర్థం. రెండు గ్యాస్కెట్లు కలిపి వేయడం లాంటివి చేయకండి. ఒక్క మాట: ఫేసింగ్ హెడ్‌కి మాత్రమే కొడితే ప్రొజెక్షన్ మారదు, కానీ వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి. అప్పుడు కొలవాల్సింది హెడ్ ముఖం నుంచి వాల్వులు ఎంత లోపలికున్నాయో ఆ లోతు. కొన్ని డీజిల్ హెడ్లకు కంపెనీలే ఫేసింగ్ వద్దంటాయి.

సమస్య: తెల్లారి స్టార్ట్ అవ్వదు, అయినా తెల్లపొగ

ఆర్.ఉదయగిరి, మోహన వైపు చలికాలం పొద్దున్నే ఈ ఫిర్యాదు ఎక్కువ. గ్యాస్కెట్ మందం ఎక్కువైంది అని వెంటనే తేల్చేయకండి. పైన చెప్పిన టీడీఐలో ఒక కన్నం బదులు మూడు కన్నాలది వేస్తే తేడా 0.16 మిల్లీమీటర్. 19.5 ఉండే కంప్రెషన్ నిష్పత్తి దాదాపు 19కి దిగుతుంది, అంతే. దానికే బండి మొండికేయదు. ముందు చల్లటి ఇంజిన్‌ని వేడిచేసే గ్లో ప్లగ్‌లు చూడండి, తర్వాత కంప్రెషన్ గేజ్ పెట్టండి.

ఒక్క సిలిండర్‌లోనే కంప్రెషన్ తక్కువగా ఉండి, వాల్వులూ రింగులూ బాగుంటే రాడ్ మీద అనుమానపడండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లాలో వాగులు రోడ్ల మీదికొచ్చాయి. నీళ్ళలోంచి నడిపిన బళ్ళ సిలిండర్లలోకి నీరు చేరితే, అది నలగదు కాబట్టి రాడ్ వంగుతుంది. కంటికి కనిపించదు. ఆయిల్ మార్చి నడిపిస్తారు, నెలల తర్వాత షెడ్డుకొస్తారు. అలాంటి ఒక ఇంజిన్‌లో మూడు పిస్టన్లు 0.70 దగ్గర ఉంటే, మూడో నంబరుది 0.36 చూపించింది. ఆ పిస్టన్ కోసం గ్యాస్కెట్ పల్చనిది వేస్తే మిగతా మూడూ హెడ్‌కి తగులుతాయి. రాడ్ మార్చడమే దారి. అందుకే గ్యాస్కెట్ ఎంచుకునేటప్పుడు సాధారణంగా అన్నిటికంటే ఎత్తుగా వచ్చిన పిస్టన్ కొలతే లెక్క. మాన్యువల్ సగటు చూడమంటే అప్పుడు సగటు చూడండి. నాలుగు అంకెలూ విడివిడిగా కాగితం మీద రాయడం మాత్రం మానకండి.

సమస్య: కొలిచిన ప్రతిసారీ ఒక్కో అంకె వస్తోంది

కుర్రాళ్ళు ఎక్కువగా ఇబ్బందిపడేది ఇక్కడే. ప్రొజెక్షన్ కొలిచే డయల్ గేజ్ మీద ఒక్కో గీత 0.01 మిల్లీమీటర్. బ్లాక్ మీద అంటుకున్న పాత గ్యాస్కెట్ పొర, పిస్టన్ మీద మసి, తుడిచిన బట్ట పోగు కూడా అంకెను మార్చేస్తాయి. రెండు ముఖాలూ గోరు జారేలా శుభ్రం చేశాకే స్టాండ్ పెట్టండి. డయల్ పిన్‌ని ముందు బ్లాక్ ముఖం మీద ఆనించి సున్నా చేసుకోండి. తర్వాత పిస్టన్ మీదికి జరిపి, క్రాంక్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. ముల్లు పైకెళ్ళి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరుగుతుంది. ఆ ఆగిన చోటే అసలు కొలత.

పిస్టన్ బోరులో అటూఇటూ ఊగుతుంది. పిస్టన్‌ని రాడ్‌కి కలిపే గడ్జన్ పిన్‌కి అడ్డంగా ఉన్న వైపు కొలిస్తే ఆ ఊగడం కూడా లెక్కలోకొస్తుంది. అందుకని గడ్జన్ పిన్ వెళ్ళే వరసలోనే, ముందొక చోట, వెనకొక చోట కొలిచి సగటు తీసుకోండి.

ట్రాక్టర్లలో వెట్ లైనర్లు (చుట్టూ నీళ్ళు తగిలే, విడిగా తీయగల సిలిండర్ గొట్టాలు) ఉంటే ఇంకో చిక్కు. హెడ్ తీసేశాక లైనర్ కొద్దిగా పైకి లేస్తుంది, క్రాంక్ తిప్పితే దాంతోపాటు కదులుతుంది. బోల్టులూ మందపాటి వాషర్లూ వేసి లైనర్లని కిందికి బిగించాకే కొలవాలి. అప్పుడే లైనర్ బ్లాక్‌కి పైన ఎంత ఉందో కూడా చూసుకోండి. అది మాన్యువల్‌లో చెప్పినదానికంటే తక్కువుంటే ఎంత ఖరీదైన గ్యాస్కెట్ అయినా నిలవదు.

సమస్య: గ్యాస్కెట్ కొత్తదే, ఘాట్ ఎక్కితే రేడియేటర్‌లో బుడగలు

ఇది చాలావరకు మందం తప్పు కాదు, ముఖం తప్పు. స్ట్రెయిట్ ఎడ్జ్‌ని బ్లాక్ మీద నిలువునా, అడ్డంగా, మూలల నుంచి మూలలకి పెట్టి ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. 0.05 మిల్లీమీటర్ రేకు దూరుతుంటే హెడ్ ఎక్కించకుండా ముందు మాన్యువల్‌లోని హద్దు చూడండి. రేకుల పొరల గ్యాస్కెట్ అయితే ముఖం మరీ నున్నగా ఉండాలి, లేత్‌లో ముందే చెప్పండి. సాగే రకం హెడ్ బోల్టులు రెండోసారి వాడకండి. బోల్టు కన్నాల్లో ఆయిల్ నిలిచి ఉంటే టార్క్ తప్పుగా చూపిస్తుంది, గాలి కొట్టి ఆరబెట్టండి.

హెడ్ బిగించి, టైమింగ్ కలిపాక వెంటనే సెల్ఫ్ కొట్టకండి. క్రాంక్ పుల్లీకి రెంచ్ వేసి రెండు చుట్లు చేత్తో తిప్పండి. ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలితే అక్కడే ఆపేసి హెడ్ మళ్ళీ దింపండి.