పాండవుల గుట్టల్లో చుట్టుదారి నడక: ఎక్కడం, దూరడం, దిగడం ఎలా?

పద్మాక్షి గుట్టనో, ఖిలా వరంగల్‌లోని ఏకశిల గుట్టనో చెప్పులతోనే టకటకా ఎక్కేసే అలవాటు ఉంటే, పాండవుల గుట్టల దగ్గర దాన్ని కాస్త పక్కన పెట్టాలి. అవి గ్రానైట్ గుట్టలు, ఇవి ఇసుకరాతి గుట్టలు. గ్రానైట్‌లో వేళ్లు పట్టేంత అంచు దొరికితే చాలు, ఒంటి బరువంతా దాని మీద వేసినా పెద్దగా భయం ఉండదు. ఇసుకరాతిలో అదే అంచు పెంకులా ఊడి చేతికొస్తుంది. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం ఈ తేడా వల్ల వచ్చినవే.

గుట్టలు హన్మకొండ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లి వెళ్లే దారిలో, రేగొండ ప్రాంతంలో, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఇది అడవి. ముందుగా అటవీ శాఖ సిబ్బందిని కలవండి, దారి తెలిసిన స్థానికుణ్ని వెంట తీసుకెళ్లండి. బండల మధ్య సందులన్నీ ఒకేలా కనిపిస్తాయి. పది నిమిషాల్లో దిక్కు తప్పుతుంది.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. మార్చి దాటితే పది గంటలకే బండ పెనంలా కాలుతుంది. వానాకాలంలో పచ్చగా కనిపించి ఊరిస్తుంది కానీ, అప్పుడే ప్రమాదం ఎక్కువ. ఇసుకరాతిలో రేణువులను పట్టి ఉంచే పదార్థం తడిస్తే బలహీనపడుతుంది. పైన ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. ఒక చిన్న పరీక్ష చేయండి. బండ మొదట్లో మట్టిని నాలుగు వేళ్ల లోతు గీకి పిడికిట్లో నొక్కండి. ముద్ద కడితే ఆ రోజు ఎక్కొద్దు. వాన వెలిసి రెండు రోజులైనా ఆరనివ్వాలి. మబ్బు పట్టి ఉంటే సందుల్లోకి అసలే దిగొద్దు. 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది ఈ జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనే.

ఎంత సేపు పడుతుంది

చదునులో గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 100 మీటర్ల ఎత్తుకు అదనంగా 10 నిమిషాలు వేసుకోండి. బండల దారి కాబట్టి వచ్చిన మొత్తాన్ని రెట్టింపు చేయండి. ఉదాహరణకు 3 కిలోమీటర్ల చుట్టు, 150 మీటర్ల ఎక్కుడు అనుకుంటే 36 నిమిషాలకు 15 కలిపితే 51, రెట్టింపు చేస్తే దాదాపు గంటా నలభై ఐదు నిమిషాలు. బండల మీది పాతకాలపు రంగు బొమ్మలు చూడటానికి ఇంకో గంట. పొద్దున 7 గంటలకు మొదలుపెడితే ఎండ ముదరక ముందే కిందికి వస్తారు. "పన్నెండు లోపు ఫోన్ రాకపోతే గైడ్‌కు చేయండి" అని ఇంట్లో నంబరు ఇచ్చి బయల్దేరండి. బండల మధ్య సిగ్నల్ దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

ఏం తీసుకెళ్లాలి

మనిషికి 2 నుంచి 3 లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, తలకు చుట్టుకునే తువ్వాల, టార్చి, కట్టు గుడ్డ. తినడానికి సర్వపిండి కంటే మంచిది లేదు. నలగదు, కారదు. అడుగు అరగని, గట్టి పట్టున్న బూట్లు వేసుకోండి. జీన్స్ వద్దు, మోకాలు పూర్తిగా వంగనివ్వవు. సెంటు కూడా వద్దు, ఎందుకో కింద చెప్తాం.

ఎక్కేటప్పుడు

చుట్టుదారిలో నిటారు వైపు నుంచి ఎక్కి, వాలు వైపు నుంచి దిగాలి. ఎక్కేటప్పుడు కాలు పెట్టే చోటు కళ్ల ముందు ఉంటుంది, దిగేటప్పుడు ఒంటి కిందికి పోతుంది.

పరుపు బండ మీద భయపడి ముందుకు వంగి చేతులు ఆనిస్తారు. జారేది అప్పుడే, ఎందుకంటే బరువు పాదాల మీంచి తప్పుకుంటుంది. నిటారుగా నిలబడి, పాదం మొత్తం ఆనించి, అడుగులు చిన్నగా వేయండి. రాలిన ఇసుక పలుకులు బండ మీద పరుచుకుని ఉంటాయి, బూటు కింద గోళీల్లా దొర్లుతాయి. అలాంటి చోట ముందు కాలితో ఊడ్చి, తర్వాతే బరువు వేయండి. నల్లగా నునుపుగా కనిపించే చారలు నీళ్లు కారిన జాడలు, పాచి ఉంటుంది. తొక్కకండి.

చేత్తో పట్టుకునే ముందు ఆ రాతిని పిడికిలితో కొట్టి వినండి. కుండ మీద కొట్టినట్టు డొల్లగా మోగితే వదిలేయండి. గట్టిగా పలికినా దాన్ని బయటికి లాగకుండా కిందికి నొక్కి పట్టాలి. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు రాతికి ఆని ఉండాలి.

సందుల్లో దూరేటప్పుడు

బ్యాగు వీపున ఉంటే ఇరుక్కుంటారు. తీసి ముందున్న వాళ్లకు అందించండి. పక్కకు తిరిగి, తలను వెళ్లే వైపు తిప్పాకే లోపలికి అడుగేయండి. మధ్యలో తల తిరగకపోవచ్చు. ఊపిరి బిగపడితే ఛాతీ ఉబ్బుతుంది, మెల్లగా వదులుతూ కదలాలి. టార్చి వేసి చూడనిదే ఏ నెర్రెలోనూ వేలు పెట్టకండి. తేళ్లు, పాములు ఉండేది అక్కడే. చీకటి సొరికెల్లోకి ఒంటరిగా పోవద్దు, గుడ్డెలుగులకూ అవి ఇష్టమైన చోట్లే.

చరియల కింద పెద్ద తేనెపట్లు వేలాడుతుంటే మాటలు ఆపి దూరం నుంచే తప్పుకోండి. సెంటు వాసన, పొగ, రాళ్లు విసరడం, ఈ మూడూ తేనెటీగలను రేపుతాయి. లేచాయంటే చేతులు ఊపకుండా, ముఖానికి తువ్వాల కప్పుకుని వచ్చిన దారినే పట్టు నుంచి దూరంగా పోవాలి. బండ అంచు వైపు పరుగెత్తొద్దు.

బొమ్మల దగ్గర

ఈ గుట్టల్లో ఆదిమానవుల కాలం నుంచి వేసిన రాతి చిత్రాలున్నాయి. 1990లో వెలుగులోకి వచ్చాయి. జంతువులు, విల్లంబులు, గుండ్రాలు, చదరాలు కనిపిస్తాయి. ఎరుపు అయితే మన అరుగులకు పూసే జాజు రంగే. పాండవులు వనవాసంలో ఇక్కడున్నారని ఊళ్లో చెప్పుకుంటారు, గొంతెమ్మ, అంటే కుంతీదేవి, పేరుతోనూ చోటుంది. ఫొటోలో మెరవాలని బొమ్మల మీద నీళ్లు చల్లుతారు కొందరు. నీళ్లతో పాటే ఉప్పులు పైకి తేలి రంగు మీద తెల్లపొర కడుతుంది, అది మళ్లీ పోదు. చేతి జిడ్డు కూడా తగలనివ్వకండి. ఏటవాలుగా పడే పొద్దుటి వెలుగులో మామూలు ఫోన్‌కే బాగా వస్తాయి.

దిగేటప్పుడు

మోకాళ్లు కాస్త వంచి, అటూ ఇటూ మలుపులు తిరుగుతూ దిగండి. నడుము ఎత్తు దాటిన మెట్టు వస్తే రాతి వైపు తిరిగి దిగాలి, ఎట్టి పరిస్థితిలోనూ దూకొద్దు. ఒకరి నెత్తి మీద ఒకరు రాకుండా ఒక్కొక్కరే దిగి, కింది వాళ్లు పక్కకు జరిగాకే తర్వాతి వాళ్లు కదలాలి. కాలు మడత పడితే బూటు విప్పకండి, వాచాక మళ్లీ ఎక్కదు. పైనుంచే కట్టు బిగించి, అవసరమైతే గైడ్‌ను సిగ్నల్ ఉన్న చోటికి పంపి 108కు చేయించండి. కిందికి రాగానే మనుషుల్ని లెక్కపెట్టి, సిగ్నల్ అందగానే ఇంటికి ఫోన్ చేయండి.